మేనత్త జీవితాన్ని ఒక పేజీలో ఎలా రాయాలి?

ప్రశ్న: మాది రేపల్లె దగ్గర ఒక ఊరు. ఉద్యోగం వల్ల హైదరాబాదులో ఉంటున్నాను. మా మేనత్త పోయిన ఏడాది ప్రభువునందు నిద్రించారు. ఆమెకు 81 ఏళ్లు. నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. సండే స్కూలు, స్త్రీల సమాజం, ఉపవాస ప్రార్థనలు అన్నిట్లో ముందుండేవారు. తమ్ముళ్లను చదివించారు, మమ్మల్ని పెంచారు. వచ్చే నెల జ్ఞాపకార్థ కూడిక. కరపత్రంలో వేయడానికి ఆమె జీవితం గురించి ఒక పేజీ రాసి, ఆ రోజు చదవమని నాకు అప్పజెప్పారు. ఎలా మొదలుపెట్టినా ‘ప్రార్థనాపరురాలు, త్యాగమూర్తి, విశ్వాస వీరురాలు’ అనే వస్తోంది. అందరి కరపత్రాల్లోనూ ఇవే మాటలు ఉంటాయి కదా అనిపించి చింపేస్తున్నాను.

మా చిన్నాన్న కొడుకు రెండు సంగతులు రాయొద్దంటున్నాడు. ఒకటి, తాతయ్య వీలునామా రాయకుండా పోతే, అత్తయ్య తన వాటా పొలం తమ్ముళ్ల పేర రాసిచ్చారు. రెండోది, 1977 ఉప్పెనలో అందరికంటే చిన్న తమ్ముడు కొట్టుకుపోయాక ఆమె దాదాపు ఏడాది పాటు గుడికి వెళ్లలేదు. ఈ సంగతి ఆమె సండే స్కూలు పిల్లలకు కూడా చెప్పేవారు. నాన్నను ఏమైనా అడిగితే ఏడ్చేస్తారు. మా అమ్మ వైపు వాళ్లు హిందువులు, వాళ్లూ వస్తారు. వాళ్లకు ఇబ్బంది కలుగుతుందేమో అని ఒక టెన్షన్. అత్తయ్య ప్రార్థన నోటుపుస్తకం నా దగ్గరుంది. అందులో మా పేర్లు, ఊళ్లో వాళ్ల పేర్లు, పక్కన తేదీలు రాసుకున్నారు. నా పదో తరగతి లెక్కల పరీక్ష తేదీ ఉంది, దాని కింద ‘స్తోత్రం’ అని ఉంది. అందులోవి చదివి వినిపించవచ్చా? అసలు ఏం రాయమంటారు?
– ఒక మేనకోడలు

సమాధానం: అమ్మా, మీ అత్తయ్య దగ్గర పెరిగారు కాబట్టి యొప్పేలో ఉన్న దొర్కా కథ మీకు వచ్చే ఉంటుంది. బైబిల్లో అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో ఉంది. తబితా అని ఆమెకు ఇంకో పేరు. ఆమె జబ్బుచేసి చనిపోతే శవానికి స్నానం చేయించి మేడగదిలో పడుకోబెట్టారు. దగ్గర్లో లుద్దలో ఉన్న యేసు శిష్యుడు పేతురుకు కబురు పంపారు. ఆయన మేడ ఎక్కేసరికి విధవరాళ్లందరూ ఏడుస్తూ చుట్టూ నిలబడ్డారు. దొర్కా గొప్ప భక్తురాలండీ అని వాళ్లు చెప్పినట్టు అక్కడ లేదు. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, బట్టలు తీసి ఆయనకు చూపించారు. ఆ గదిలో సంఘ పెద్దలు ఎవరైనా ఉన్నారో లేదో గాని, వాళ్ల మాట ఒక్కటీ రాయలేదు. ఆమె కుట్టిన బట్టలు కట్టుకున్నవాళ్లే సాక్ష్యం చెప్పారు.

మీరు రాయాల్సిన పేజీకి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. ‘ప్రార్థనాపరురాలు’ అన్న మాట అబద్ధం కాదు. కాకపోతే అది విన్నవాళ్ల కళ్లముందు ఏ మనిషీ కనిపించదు. మీ లెక్కల పరీక్ష తేదీ రాసుకుని, ఫలితం వచ్చాక కింద ‘స్తోత్రం’ అని రాసుకున్న మనిషి మాత్రం కనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం రాశాక ఆమె ప్రార్థనాపరురాలని మీరు విడిగా చెప్పనవసరం లేదు. మీ పేజీ అక్కణ్నుంచే మొదలుపెట్టండి. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు రెండో పేరాలోకి వెళ్లినా కొంప మునగదు.

ఇక నోటుపుస్తకం చదవడం సంగతి. మీ పేరున్న పేజీ మీరు చదవండి. నాన్న పేరున్నది ఆయన ఒప్పుకుంటే చదవండి. మిగతావి వద్దు. అలాంటి పుస్తకంలో ఊరి వాళ్ల బాధలు ఉంటాయి. ఒకామె మొగుడి తాగుడు, ఒకరి అప్పు, ఒక పిల్లకు తప్పిపోయిన సంబంధం. వాళ్లు ఆమెను నమ్మి, ఆమె చెవిలో చెప్పుకున్నవి అవి. వాళ్లలో కొందరు ఆ రోజు అదే గుడిలో, అదే వరుసలో కూర్చుని ఉంటారు. ఆమె బతికుండగా కడుపులో దాచుకున్న మాట ఆమె పోయాక మైకులో బయటికి రాకూడదు. పుస్తకాన్ని ఫొటోలు తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాలని ఎవరైనా అడిగినా ఒప్పుకోకండి. మీరు చెప్పదగింది ఒకటుంది. ఆ పుస్తకంలో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టి ఆ సంఖ్య చెప్పండి. అందులో మీ చుట్టాలు కానివాళ్లు ఎందరో చెప్పండి. ఎవరి గుట్టూ బయటపడదు, ఆమె రోజూ తెల్లారుజామున ఏం చేసేదో అందరికీ అర్థమవుతుంది.

పొలం సంగతి మాత్రం తప్పకుండా రాయాలి. మీ చిన్నాన్న కొడుకు ఎందుకు వద్దంటున్నాడో ఊహించగలను. నలుగురిలో ఆ మాట వస్తే తమ్ముళ్లు అక్క ఆస్తి తీసుకున్నారన్నట్టు వినిపిస్తుందని అతని భయం. కానీ ఒకటి ఆలోచించండి. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కుటుంబంలో తండ్రి వీలునామా రాయకుండా పోతే కొడుకుకూ కూతురికీ వాటా సమానమే. పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా లేదు. అంటే ఆ పొలం తమ్ముళ్లు దయతలచి ఆమెకు ఇవ్వాల్సింది కాదు, చట్టప్రకారం ఆమెదే. తనదాన్ని ఆమె ఇచ్చింది. ఈ మాట దాచిపెట్టి ‘తమ్ముళ్ల కోసం త్యాగం చేసిన త్యాగమూర్తి’ అని రాస్తే ఏమవుతుందో చూడండి. ఆమె ఏం ఇచ్చిందో ఎవరికీ తెలియదు, తీసుకున్నవాళ్లు ఎవరికీ కృతజ్ఞత చెప్పనక్కర్లేదు. మన ఇళ్లలో పెళ్లికాని అక్కల విషయంలో ఇది చాలాచోట్ల జరుగుతోంది. మనిషిని దేవతను చేసి గోడకు ఎక్కిస్తాం, ఆమెకు పడిన బాకీ అక్కడితో మాఫీ అయిపోతుంది. నాకు ఇది బాధగా ఉంటుంది.

ఎవరినీ తప్పుపట్టే మాటలు రాయనక్కర్లేదు. ఎన్ని ఎకరాలో ఎన్ని సెంట్లో, ఎప్పుడు రాసిచ్చారో, ఆ పొలం మీద వచ్చిన డబ్బుతో ఎవరు ఏం చదివారో రెండు వాక్యాల్లో చెప్పి, ‘ఈ చదువులకు మా కుటుంబమంతా అత్తయ్యకు రుణపడి ఉంది’ అని రాయండి. రాశాక కరపత్రం అచ్చుకు ఇవ్వకముందే ఆ రెండు వాక్యాలూ చిన్నాన్నకు మీరే స్వయంగా చదివి వినిపించండి. కొడుకు భయపడినంతగా ఆయన భయపడకపోవచ్చు. ఆయన ఒప్పుకోకపోతే ఎకరాల లెక్క తీసేయండి. ఆమె తన వాటా ఇచ్చిందన్న మాట మాత్రం ఉంచండి.

పెళ్లి విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. కరపత్రాల్లో భార్యగా, తల్లిగా అని రాయడం అలవాటైపోయి, ఆ రెండూ లేని స్త్రీ దగ్గరికొచ్చేసరికి మనకు కలం ఆగిపోతుంది. ‘పెళ్లి కూడా చేసుకోకుండా’ అని మొదలుపెడతాం. ఆమెకు సంబంధాలు వచ్చాయా, ఆమే వద్దందా, అనుకున్నది తప్పిపోయిందా అన్నది మీకు ఆమె నోట తెలిసి ఉంటే, అది చెప్పుకోదగిన మాటని ఆమే అనుకుని ఉంటే రాయండి. తెలియకపోతే ఊహించి రాయకండి. మన వాళ్లు వైద్యానికి వెళ్లే రాయవేలూరు ఆస్పత్రి సంగతి చూడండి. దాన్ని 1900లో మొదలుపెట్టిన డాక్టర్ ఐడా స్కడ్డర్ అమెరికన్ మిషనరీల ఇంటి పిల్ల, పెళ్లి చేసుకోలేదు. 1918లో ఆడపిల్లలకోసం మెడికల్ స్కూలు పెట్టారు. అక్కడివాళ్లంతా ఆమెను ‘ఆంట్ ఐడా’ అనే పిలిచేవారు. అన్న కూతురు కూడా డాక్టరై అదే ఆస్పత్రిలో పనిచేసింది. ఐడా గురించి మాట్లాడుకునేవాళ్లు ఒక రాత్రి కథ చెప్తారు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలకోసం ఆడ డాక్టరును అడగడం, అప్పటికి తాను డాక్టరు కాకపోవడం, తెల్లారేసరికి ఆ ముగ్గురు తల్లులూ చనిపోవడం. ఆ రాత్రికి ముందు ఇక్కడ ఉండిపోవాలని ఆమెకు లేదని కూడా దాచకుండా చెప్తారు. ఆమెకు పెళ్లి కాలేదన్నది ఆ కథలో ఎవరికీ పట్టదు.

ఇప్పుడు ఆ ఏడాది. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మీ వైపు అరవై దాటిన వాళ్లెవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు. దివిసీమలోనూ, ఇటు మీ తీరంలోనూ రాత్రికి రాత్రి ఊళ్లకు ఊళ్లు పోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే చనిపోయినవాళ్లు దాదాపు పది వేల మంది. నెల తిరిగేసరికి క్రిస్మస్ వచ్చింది. తాను ఎత్తుకుని పెంచిన తమ్ముడి శవం కూడా దొరికిందో లేదో తెలియని అక్క, ఆ పండగనాడు గుడికి వెళ్లి పాట పాడలేకపోయింది. ఇందులో దాచాల్సింది నాకేమీ కనిపించడం లేదు.

బైబిల్లో ఇదే స్థితిలో ఉన్న ఒక అక్క ఉంది. లాజరు చనిపోయిన నాలుగు రోజులకు యేసు వస్తే, మార్త ఎదురెళ్లి మొట్టమొదట అన్న మాట, నువ్వు ఇక్కడుంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదు అని. అది నిష్ఠూరం. సువార్త రాసిన యోహాను దాన్ని తీసేయలేదు. అదే సంభాషణలో కొంచెం ముందుకెళ్లాక, నువ్వు దేవుని కుమారుడివని నమ్ముతున్నాను అని ఆమే చెప్తుంది. ముందున్న నిష్ఠూరం తీసేస్తే వెనకున్న విశ్వాసం పేలవమైపోతుంది. మీ అత్తయ్య కూడా ఆ ఏడాది గురించి సండే స్కూలు పిల్లలకు చెప్పేవారంటే, అది తన సాక్ష్యంలో భాగమని ఆమే తేల్చుకున్నారు. తన నోటితో చెప్పుకున్నదాన్ని మనం సిగ్గుపడి దాచడం ఆమెను సరిదిద్దడమవుతుంది. ఆమె చెప్పిన మాటల్లోనే రాయండి. మళ్లీ గుడికి ఎలా వెళ్లారు, ఎవరు పిలిచారు, మొదటిరోజు ఏ మూల కూర్చున్నారు అన్నవి ఆ పిల్లల్లో ఎవరికైనా గుర్తుండొచ్చు. వాళ్లకిప్పుడు నలభై, యాభై ఏళ్లుంటాయి. వెతికి ఫోన్ చేయండి. ఆ రోజు కూడికలో వినేవాళ్లలో కూడా, ఇంట్లో ఎవరినో పోగొట్టుకుని గుడి గడప తొక్కలేకపోతున్నవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. ఆ రెండు వాక్యాలు వాళ్లకు చాలా అవసరం.

నాన్నగారి గురించి. ‘అక్క ఎలాంటి మనిషి నాన్నా’ అని అడిగితే ఆయన ఏడవక ఏం చేస్తారు? అంత పెద్ద ప్రశ్నకు ఎవరి దగ్గరైనా కన్నీళ్లే ఉంటాయి. చిన్న చిన్నవి అడగండి. హాస్టల్లో ఉన్నప్పుడు అక్క ఏం పంపేది? డబ్బు మనియార్డరు చేసేదా, ఎవరిచేతనైనా పంపేదా? స్కూలుకు నడిచి వెళ్లేదా, బస్సా? నిన్ను ఆఖరిసారి ఎప్పుడు తిట్టింది? ఈ చివరి ప్రశ్న మర్చిపోకండి. తమ్ముళ్లకు అక్క తిట్లు బాగా గుర్తుంటాయి, చెప్పేటప్పుడు మొహంలో నవ్వు కూడా వస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి అడగకుండా, ఆయన అన్నం తింటున్నప్పుడో, సాయంత్రం అరుగుమీద ఉన్నప్పుడో మాటల్లో పెట్టండి. ‘రికార్డు చేసుకుంటా నాన్నా’ అని చెప్పి ఫోన్ పక్కన పెట్టండి. ఒక్క పూటలో అంతా రాకపోయినా ఫర్వాలేదు, మీకు ఇంకా నెల టైముంది.

తేదీలకోసం మాత్రం మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడకండి. బాప్తిస్మం, నిర్ధారణ (కన్ఫర్మేషన్) వివరాలు గుడి రిజిస్టరులో ఉంటాయి, పాస్టరు గారిని అడిగితే తీయిస్తారు. ఏ ఊళ్లో ఎన్నేళ్లు పనిచేశారన్నది సర్వీస్ రిజిస్టరులోనో పెన్షన్ కాగితాల్లోనో దొరుకుతుంది. పాత కుటుంబ బైబిలు ముందు పేజీల్లో పుట్టిన తేదీలు రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉండేది, అదీ చూడండి.

ఆమె పనిచేసిన స్కూలు గురించి ఒకట్రెండు వాక్యాలు ఉంటే బాగుంటుంది. మీ ప్రాంతంలో ఈ బళ్లు ఊరికే పుట్టలేదు. 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు, ఆమె కట్టించిన ఆస్పత్రి 1898లో తెరిచారు. ఈ పేర్లు మనకు చరిత్రలో దొరుకుతాయి. పల్లెల్లో చెట్టుకింద అక్షరాలు దిద్దించిన పంతులమ్మలు, ఊరూరా నడిచి వెళ్లి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించిన బైబిలు స్త్రీలు ఎందరో ఉన్నారు. వాళ్ల మనవలు కూడా ఇప్పుడు వాళ్ల పూర్తి పేరు చెప్పలేరు. మీ అత్తయ్య ఆ వరుసలో ఆఖరితరం మనిషి. అందుకే ఆమె పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయండి. ఆమె తల్లి పేరు కూడా రాయండి. కరపత్రాల్లో తండ్రి పేరు వేసి తల్లిని వదిలేయడం చాలాచోట్ల చూస్తున్నాను. పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం చివర పదహారో అధ్యాయంలో ఎంతమంది ఆడవాళ్ల పేర్లున్నాయో ఒకసారి చూడండి. ఫీబే చాలామందికి సహాయం చేసింది, పెర్సిసు ప్రభువు పనిలో బాగా కష్టపడింది. ఒక్కొక్కరికి పేరు, పక్కన ఒక్క పని. రెండు వేల ఏళ్లయినా వాళ్లు ఆ ఒక్క ముక్కతోనే మనకు తెలుసు.

మీ అమ్మగారి వైపు వాళ్ల గురించి మీరు అంతగా కంగారు పడక్కర్లేదు. అత్తయ్య భక్తిని తగ్గించి రాస్తే వాళ్లకు తెలిసిన మనిషే కాకుండా పోతుంది. వాళ్లు ఆమెను చూసే వస్తున్నారు. అయితే రెండు జాగ్రత్తలు తీసుకోండి. అమ్మమ్మ ఇంటివైపు నుంచి ఎవరినైనా ఒకరిని అడిగి, ఆమె గురించి ఒక సంగతి మీ పేజీలో పెట్టండి. కాన్పుకు తోడు వెళ్లిందో, పిల్లలకు సెలవుల్లో ఎక్కాలు నేర్పిందో ఏదో ఒకటి ఉండకపోదు. రెండోది, పాస్టరు గారితో ముందే మాట్లాడండి. బంధువులంతా వచ్చారు కదా అని వాక్యం చెప్పేటప్పుడు వాళ్లవైపు తిరిగి మతం మార్పు గురించి మాట్లాడొద్దని మర్యాదగా అడగండి. దుఃఖంలో పాలుపంచుకోవడానికి వచ్చినవాళ్లను ఆ రోజు అలా నిలబెట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. చాలామంది కాపరులు ఈ మాట అర్థం చేసుకుంటారు.

కూడికలో సాక్ష్యాలు చెప్పడానికి సంఘ పెద్దల జాబితా ఇప్పటికే తయారై ఉంటుంది. అందులో ఇద్దరినైనా తగ్గించి, ఆమె దగ్గర ఒకటో తరగతి చదివినవాళ్లను పిలవండి. వాళ్లు ఆటో నడుపుతూ ఉండొచ్చు, కూలికి వెళ్తూ ఉండొచ్చు, మైకు ముందు ఎప్పుడూ నిలబడి ఉండకపోవచ్చు. వాళ్లు చెప్పే రెండు నిమిషాలు దొర్కా కుట్టిన అంగీలతో సమానం. మీ పేజీ చదవడానికి ఏడెనిమిది నిమిషాలకు మించకుండా చూసుకోండి. ఇంట్లో గట్టిగా చదివి టైము చూసుకుంటే తెలిసిపోతుంది. అందులో పట్టనివి పారేయకండి. నవంబరు 2న సమాధుల పండగకు పిల్లలంతా సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించడానికి వస్తారు కదా, అప్పుడు ఒక్కొక్కటి చెప్పొచ్చు.

నాన్నగారు ఆ రోజు మాట్లాడాలనుకుంటే మాట్లాడనివ్వండి, బలవంతం మాత్రం చేయకండి. ముందుగా రికార్డు చేసినదాంట్లోంచి ఆయన మాటలు నాలుగైదు యథాతథంగా కాగితం మీద రాసి మీ దగ్గర ఉంచుకోండి. ఆయన లేచి మధ్యలో ఆగిపోతే, పక్కన నిలబడి మిగతాది మీరు చదివేయొచ్చు.